దేశమంతా చెల్లే లైసెన్సు, ఎక్కడా సొంతం కాని ఛానల్

2007 చివర్లో అమెరికాలో ఒక వింత స్పెక్ట్రమ్ లైసెన్సు అందుబాటులోకి వచ్చింది. వేలం లేదు, పోటీ లేదు. దరఖాస్తు పెట్టి కొద్దిపాటి ఫీజు కడితే చాలు, అర్హత ఉన్నవాళ్లందరికీ ఇచ్చేవారు. ఇంతమందికే అన్న పరిమితి కూడా లేదు. చేతికొచ్చాక పదేళ్లపాటు దేశమంతటా చెల్లుతుంది. కానీ ఏ ఊళ్లోనూ, ఏ ఛానల్ మీదా ‘ఇది నాది’ అనే హక్కు మాత్రం రాదు. మీరు టవర్ వేసిన పక్క వీధిలోనే ఇంకొకరు అదే లైసెన్సుతో, అదే ఫ్రీక్వెన్సీలో టవర్ వేసుకోవచ్చు. ముందు వచ్చింది నేనే కదా అంటే కుదరదు.

ఆ స్పెక్ట్రమ్ 3650 నుంచి 3700 దాకా, అంటే మొత్తం 50 మెగాహెర్ట్జ్. నియమాలు రాసింది ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, అందరి నోటా ఎఫ్‌సీసీ. 2005లో మొదటి ఉత్తర్వు ఇచ్చి, అభ్యంతరాలు విన్నాక 2007లో కొంత సవరించింది. ఈ తరహా అనుమతిని లైట్ లైసెన్సింగ్ అంటారు. మనకు బాగా అలవాటైన రెండు పద్ధతులకు ఇది మధ్యలో ఉంటుంది. ఒకవైపు మొబైల్ కంపెనీలు వేలంలో వేల కోట్లు పోసి కొనే స్పెక్ట్రమ్. అక్కడ కొన్నవాడిదే రాజ్యం. ఇంకోవైపు వైఫై. లైసెన్సే అక్కర్లేదు, పక్కింటి రౌటర్ మన రౌటర్ మీద అరుస్తున్నా అడిగే నాథుడు ఉండడు. లైట్ లైసెన్సు పరిస్థితి చెరువు కింద ఆయకట్టులాంటిది. నీళ్లు ఏ ఒక్కరి సొంతమూ కాదు, కానీ ఎవరి పొలం ఎక్కడుందో ఊరందరికీ తెలుసు. మడికి నీళ్లు మళ్లించుకునేటప్పుడు కింది రైతు మాట ఆలోచించాలి. తేడా ఒక్కటే. చెరువుకి నీరటికాడు ఉంటాడు, ఎవరి వంతు ఎప్పుడో చూసి నీళ్లు వదులుతాడు. ఈ లైసెన్సులో ఆ నీరటికాడు లేడు.

దీన్ని ఎక్కువగా వాడుకున్నది పల్లెల్లో వైర్‌లెస్ ఇంటర్నెట్ ఇచ్చే చిన్న కంపెనీలు. ఫైబర్ వేస్తే గిట్టుబాటు కాని చోట్లవి. ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య ఎకరాలకు ఎకరాల మొక్కజొన్న. ఊరి వాటర్ ట్యాంకు మీదో, ధాన్యం నిలవచేసే ఎత్తైన సైలో మీదో నాలుగు దిక్కులకీ నాలుగు యాంటెన్నాలు బిగిస్తారు. ఒక్కో దిక్కుని సెక్టర్ అంటారు. ఇంటి కప్పు మీద టవర్ వైపు చూస్తూ పలకంత చిన్న యాంటెన్నా ఉంటుంది. వైఫై వాడే ఉచిత బ్యాండ్లలో రొదతో విసిగిపోయినవాళ్లకి ఈ 50 మెగాహెర్ట్జ్ ప్రాణం లేచొచ్చినట్టు అనిపించింది. ఇందులోకి ముక్కూ మొహం తెలియనివాళ్లు చొరబడరు. పవర్ కూడా దండిగా ఇచ్చారు. యాంటెన్నా బలం కలుపుకుని 25 మెగాహెర్ట్జ్‌కి 25 వాట్ల దాకా పంపొచ్చు.

అన్ని చోట్లా కాదు లెండి. అంతకుముందు నుంచీ ఈ బ్యాండ్‌లో ఉన్న ఉపగ్రహ భూకేంద్రాల చుట్టూ 150 కిలోమీటర్ల వలయం గీశారు. లోపల టవర్ వెయ్యాలంటే ఆ కేంద్రంవాళ్లు ఒప్పుకోవాలి. ఆ కేంద్రాలు ఎక్కువగా తీరాలకు దగ్గర్లో ఉండటంతో తీరప్రాంతపు పెద్ద నగరాలు చాలావరకు పక్కకి పోయాయి. మిగిలింది మధ్య రాష్ట్రాల మైదానాలు. అక్కడ కొండలు లేవు, అడ్డూ ఆపూ లేదు. అందుకే పక్క కంపెనీ టవర్ ఎంత దూరంలో ఉన్నా వినిపించే సమస్య కూడా అక్కడే ఎక్కువ.

లైసెన్సు తీసుకున్నాక చెయ్యాల్సినవి రెండు. టవర్ మీద రేడియో ఆన్ చెయ్యకముందే ఆ చోటుని ఎఫ్‌సీసీ పట్టికలో నమోదు చెయ్యాలి, తీసేస్తే పట్టికలోంచీ తీసెయ్యాలి. కొత్త టవర్ వేసేవాళ్లు ముందు ఆ పట్టిక తిరగేసి, ఇరుగు పొరుగుకి ఇబ్బంది కలగని చోటూ, ఛానలూ ఎంచుకోవాలి. తగాదా వస్తే ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాలి. తేలకపోతే ఎఫ్‌సీసీ జోక్యం చేసుకుని పవర్, యాంటెన్నా ఎత్తు, ప్రాంతం, చివరికి ఏయే గంటల్లో పనిచెయ్యాలో కూడా నిర్ణయించొచ్చు.

పట్టికే కదా అనిపిస్తుంది. అది లేని చోట దాని విలువ తెలుస్తుంది. మన దేశంలో 2018లో 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 605 మెగాహెర్ట్జ్‌ని లైసెన్సు అవసరం లేకుండా వదిలారు. మంచి పనే. కానీ ఏ మండల కేంద్రంలోనైనా ఒక లోకల్ ఆపరేటర్ రెండు మేడల మధ్య 5 గిగాహెర్ట్జ్ లింకు పెట్టుకుని, అది ఉన్నట్టుండి నీరసించిపోతే, ఆ రొద ఎవరిదో చెప్పే పుస్తకం ఎక్కడా లేదు. స్కాన్ పెట్టి చూస్తే ఏదో ఒక పేరు కనిపిస్తుంది. ఆ పేరు ఎవరిదో తెలియాలంటే మేడ మీద నిలబడి ఎవరి డిష్ ఎటు చూస్తోందో కళ్లతో వెతుక్కోవాలి. బ్రిటన్‌లో 5.8 గిగాహెర్ట్జ్‌కి లైట్ లైసెన్సు పెట్టినప్పుడు రుసుము ఒక్కో టెర్మినల్‌కి ఏడాదికి ఒక పౌండు, కనీసం 50 పౌండ్లు. ఆ డబ్బుతో ప్రభుత్వ ఖజానా నిండదు. అందులో అసలు విలువ ఎవరు ఎక్కడున్నారన్న జాబితాకే.

ఇక అసలు చిక్కు దగ్గరికి వద్దాం.

రెండు కంపెనీలు అనుకోండి. తూర్పు ఊరి కంపెనీకి ఒక టవర్, పడమటి ఊరి కంపెనీకి ఒకటి, మధ్య దూరం 10 కిలోమీటర్లు. ఇద్దరికీ లైసెన్సు ఉంది, ఇద్దరూ నమోదు చేశారు, ఇద్దరిదీ ఒకే ఛానల్. ఇంటర్‌ఫియరెన్స్, అంటే ఒకరి సిగ్నల్ ఇంకొకరికి అడ్డు తగలడం, అనగానే మనకు తట్టేది మధ్యలో ఉన్న ఇల్లు, పాపం రెండు టవర్ల గోలా దానికే అని. నిజానికి ముందుగా దెబ్బ తగిలేది ఇంటికి కాదు, టవర్‌కి.

ఎందుకంటే ఈ రేడియోలు ఒకే ఛానల్‌లో కాసేపు మాట్లాడి కాసేపు వింటాయి. టవర్ మాట్లాడేటప్పుడు ఇళ్లు వింటాయి, అది డౌన్‌లోడ్. ఇళ్లు మాట్లాడేటప్పుడు టవర్ వింటుంది, అది అప్‌లోడ్. ఒక చుట్టుని ఫ్రేమ్ అంటారు, సాధారణంగా 5 మిల్లీసెకన్లు. ఇప్పుడు తూర్పు టవర్ తన ఇళ్ల మాట వింటున్న క్షణంలోనే పడమటి టవర్ మాట్లాడుతోందనుకోండి. తూర్పు ఇళ్ల సిగ్నల్ చెట్ల కొమ్మల్లోంచీ, పశువుల కొట్టాల పక్కనుంచీ నలిగి నలిగి వస్తుంది. పడమటి టవర్ సిగ్నల్‌కి ఆ బాధ లేదు. ఇద్దరూ ఎత్తు మీద ఉన్నారు, ఎదురెదురుగా, మధ్యలో గాలి తప్ప ఏమీ లేదు. 10 మెగాహెర్ట్జ్ ఛానల్‌లో నిబంధన ఒప్పుకున్నంత పవర్‌తో ఆ టవర్ పంపితే, 10 కిలోమీటర్ల అవతల ఎదురుగా చూస్తున్న మామూలు సెక్టర్ యాంటెన్నాలో అది రిసీవర్ సొంత రొద కన్నా వెయ్యి రెట్లకు పైనే వినిపిస్తుంది. వాకిట్లో డప్పు మోగుతుంటే లోపలి గదిలో గుసగుస విన్నట్టే. చదునైన నేల మీద 30 మీటర్ల టవర్లు రెండు దాదాపు 45 కిలోమీటర్ల దాకా ఒకదాన్నొకటి చూసుకోగలవు. కాబట్టి పొరుగు అంటే పక్క ఊరే కానక్కర్లేదు, పక్క కౌంటీ (మన జిల్లాలాంటిది) కూడా కావచ్చు.

దీన్ని కనిపెట్టడం కూడా కష్టమే. రెండు టవర్ల గడియారాలకు సంబంధం లేకపోతే తేడా నిలకడగా ఉండదు. సెకనుకు ఒక్క మైక్రోసెకను చొప్పున ఒకటి వెనకబడుతోందనుకోండి, అదేమంత పెద్ద తేడా కాదు. అలా జారుతూ జారుతూ 5 మిల్లీసెకన్ల ఫ్రేమ్ ఒక పూర్తి చుట్టు తిరగడానికి 5000 సెకన్లు పడుతుంది. అంటే గంటా ఇరవై మూడు నిమిషాలు. ఆ వ్యవధిలో కాసేపు ఇద్దరూ కలిసి మాట్లాడి కలిసి వింటారు, అంతా బాగుంటుంది. కాసేపయ్యాక ఎదురు పడతారు. కస్టమర్ ఫోన్ చేసి నెట్ పోయింది అంటాడు. మనిషిని పంపేసరికి దివ్యంగా పనిచేస్తుంటుంది. వాడు తిరిగొచ్చేసరికి మళ్లీ ఫోను. ఇలాంటప్పుడు పాపం ఇంటి మీది యాంటెన్నానో, కేబులో మార్చేస్తారు. తప్పు పది కిలోమీటర్ల అవతల ఉంటుంది.

మందు ఏమిటో ఈ రంగంలో అందరికీ తెలుసు. జీపీఎస్ సింక్ అంటారు. ప్రతి టవర్ మీదా ఒక జీపీఎస్ రిసీవర్ పెట్టి, ఆకాశం నుంచి వచ్చే టైముకి ఫ్రేమ్ ఆరంభాన్ని కట్టేస్తారు. ఉపగ్రహం ఇచ్చే సెకను మైక్రోసెకనులోపే ఖచ్చితంగా ఉంటుంది, ఇద్దరికీ అదే సెకను. అప్పుడు టవర్లన్నీ ఒకేసారి మాట్లాడతాయి, ఒకేసారి నోరు మూసుకుని వింటాయి. ఒక టవర్ మాట ఇంకో టవర్ చెవిన పడే అవకాశమే ఉండదు, ఎందుకంటే అప్పుడు దాని చెవీ మూసే ఉంటుంది.

ఇక్కడితో అయిపోతే ఎంత బాగుండేది. గడియారం కలిసినంత మాత్రాన సరిపోదు, వంతులు కూడా కలవాలి. తూర్పు కంపెనీ డౌన్‌లోడ్‌కి 75 శాతం, అప్‌లోడ్‌కి 25 శాతం పెట్టుకుంది, జనం వీడియోలు చూస్తారు కదా అని. పడమటి కంపెనీకి కెమెరాలు పెట్టుకున్న కస్టమర్లు ఎక్కువ, 60 శాతం, 40 శాతం పెట్టుకుంది. ఇద్దరూ ఒకే క్షణాన మొదలుపెడతారు. 3 మిల్లీసెకన్లకి పడమటి టవర్ మాట ఆపి వినడం మొదలుపెడుతుంది. తూర్పు టవర్ 3.75 దాకా మాట్లాడుతూనే ఉంటుంది. మధ్యలో ఆ ముప్పావు మిల్లీసెకను పడమటి టవర్‌కి ఏమీ వినపడదు. దానికి వినే వంతే 2 మిల్లీసెకన్లు, అందులో మూడో వంతుకు పైగా పోయింది. రెండు కంపెనీలూ జీపీఎస్‌కి డబ్బు పెట్టాయి, ఏ నియమమూ తప్పలేదు, అయినా ఒకరి అప్‌లోడ్ కుంటుతోంది. ఇక పరికరాలు వేర్వేరు కంపెనీలవైతే ఒకరి ఫ్రేమ్ 5 మిల్లీసెకన్లు, ఇంకొకరిది 2.5, మరొకరిది 10 కావచ్చు. ఏ అంకె పక్కన ఏ అంకె పెడితే ఒకదానికొకటి అతుకుతాయో కూర్చుని లెక్క వేసుకోవాలి.

నా దృష్టిలో స్పెక్ట్రమ్ పంపకంలో అందరూ తక్కువగా మాట్లాడే విషయం ఇదే. ఎవరికి ఎన్ని మెగాహెర్ట్జ్ అన్న దాని మీదే వాదనలు జరుగుతాయి. పక్కపక్క కంపెనీలు మాత్రం అంతకన్నా ముందు టైము పంచుకోవాలి.

టైము కుదిరాక మిగిలేవి ఇళ్లు. రెండు టవర్లూ ఒకేసారి మాట్లాడుతున్నాయి కాబట్టి మధ్యలో ఉన్న ఇంటికి రెండూ వినిపిస్తాయి. అక్కడ ఇంటి యాంటెన్నా దిశ కాపాడుతుంది. తన టవర్ వైపు తిరిగి ఉంటుంది, అవతలి టవర్ వీపు వెనక పడుతుంది. చిక్కల్లా రెండు టవర్లూ ఒకే వరసలో కనిపించే ఇళ్లకి. పడమటి ఊరు దాటి ఇంకా పడమరగా ఉన్న ఇల్లు తూర్పు వైపు చూస్తే, దాని టవర్ వెనకే పొరుగు టవర్ నిలబడి ఉంటుంది. అక్కడ ఛానల్ మార్చుకోక తప్పదు.

మారిస్తే ఎన్ని కావాలి? పొదుపైన కిటుకు ఒకటుంది. సింక్ ఉన్న టవర్ మీద ఎదురెదురు దిక్కులకి ఒకే ఛానల్ వాడొచ్చు. ఉత్తరానికీ దక్షిణానికీ ఒకటి, తూర్పుకీ పడమరకీ ఒకటి. అంటే నాలుగు సెక్టర్లకి రెండు ఛానళ్లు చాలు. 50 మెగాహెర్ట్జ్‌ని పదేసి చొప్పున కోస్తే ఐదు ముక్కలు. తూర్పువాళ్లకి రెండు, పడమటివాళ్లకి రెండు, ఒకటి మిగులు. దాన్ని రేపు వచ్చే మూడోవాడి కోసమో, మొండి సెక్టర్ కోసమో ఉంచుకోవచ్చు. జీపీఎస్ లేకపోతే అదే టవర్‌కి నాలుగు ఛానళ్లు కావాలి, రెండు టవర్లకి ఎనిమిది. ఉన్నవి ఐదు.

ఈ లెక్క కాగితం మీద ఎంత సాఫీగా ఉన్నా ఇంకో మెలిక మిగిలే ఉంది. ఎవరూ ఎవరితోనూ మాట్లాడకపోయినా యంత్రాలే సర్దుకుంటాయని ఎఫ్‌సీసీ ఆశపడింది. ఈ బ్యాండ్‌లో వాడే ప్రతి రేడియోకీ ‘పక్కవాడికి అవకాశం ఇచ్చే పద్ధతి’ ఒకటి లోపలే ఉండాలంది. తన జాతి రేడియోతో మాత్రమే సర్దుకోగల రకానికి కింది 25 మెగాహెర్ట్జ్ మాత్రమే ఇచ్చింది. అప్పట్లో చాలామంది కొన్న వైమాక్స్ (దూరాలకు ఇంటర్నెట్ పంపే ఒక వైర్‌లెస్ పద్ధతి) పరికరాలు ఈ కోవలోవే. వేరే జాతి రేడియోని కూడా గుర్తించి తప్పుకునే రకానికి మొత్తం 50 ఇచ్చింది. దాని కోసం వైఫై కుటుంబంలో 802.11వై అనే ప్రమాణం కూడా 2008లో వచ్చింది.

ఇలా ముందు విని, ఎవరూ మాట్లాడకపోతేనే మాట్లాడటం ఒక గదిలో బాగా పనిచేస్తుంది. పొలాల మధ్య పనిచెయ్యదు. ఇంటి యాంటెన్నా తన టవర్‌కేసి గురిపెట్టి ఉంటుంది, వెనక ఎవరు మాట్లాడుతున్నా దానికి వినపడదు. గాలి ఖాళీగా ఉందనుకుని మొదలుపెడుతుంది. రెండు వైపులా ఉన్న ఇళ్లు ఒకదాన్నొకటి వినలేక ఒకేసారి అరిస్తే, రెండూ కలిసి ఎత్తు మీదున్న టవర్ చెవిలో పడతాయి. దిశ గల యాంటెన్నా ఇందాక మనల్ని కాపాడింది కదా, ఇక్కడ అదే మోసం చేసింది. నిజంగా పనిచేసిన ఒప్పందాలు మనుషులు ఫోన్‌లో మాట్లాడుకుని, నీ ఫ్రేమెంత, నీ వంతులెంత, యాంటెన్నా ఎంత కిందికి వంచావు అని అడిగి రాసుకున్నవే.

కుదరనప్పుడు ఏమవుతుంది? ఇక్కడే నీరటికాడు లేని లోటు తెలుస్తుంది. నియమం సహకరించుకోమంది గానీ, ఒకరు 75, ఇంకొకరు 60 అని పట్టుబడితే ఎవరు తగ్గాలో చెప్పలేదు. ముందొచ్చినవాడికి హక్కు లేదు, వెనకొచ్చినవాడికి బాధ్యత ఎక్కువ లేదు. ఇదే అమెరికాలో 70, 80 గిగాహెర్ట్జ్ బ్యాండ్లలో కూడా దేశమంతా చెల్లే ఉమ్మడి లైసెన్సే. కానీ అక్కడ లింకుని ముందు నమోదు చేసినవాడికే రక్షణ. అది కుదిరింది, ఎందుకంటే ఆ లింకుల కిరణం సూదిమొనంత సన్నం, ఒకడికి హక్కిచ్చినా పక్కవాడికి బోలెడు చోటు మిగులుతుంది. ఊరంతా పరుచుకునే సెక్టర్ యాంటెన్నాకి అదే హక్కు ఇస్తే మొదటి టవర్ వేసినవాడు కౌంటీ మొత్తానికి జమీందారు అవుతాడు. ఎఫ్‌సీసీ ఇవ్వకపోవడం సరైన పనే అనిపిస్తుంది నాకు. కాకపోతే హక్కు ఇవ్వనప్పుడు పెద్దమనిషినైనా పెట్టాలి. పట్టిక సంగతి కూడా అంతే. తీసేసిన టవర్ని జాబితాలోంచి తొలగించమని రాయడం వేరు, తొలగించారో లేదో ఎక్కి చూసే మనిషి ఉండటం వేరు.

చివరికి నీరటికాడు వచ్చాడు. 2015లో ఎఫ్‌సీసీ 3550 నుంచి 3700 దాకా 150 మెగాహెర్ట్జ్‌ని కలిపి సీబీఆర్‌ఎస్ అనే కొత్త ఏర్పాటు చేసింది. కొత్తగా పాత తరహా లైసెన్సులు ఇవ్వడం ఆపేసింది. ఉన్నవాళ్లలో చాలామందికి ఇచ్చిన గడువు 2020 ఏప్రిల్‌లో తీరాల్సింది, దాన్ని అక్టోబర్ దాకా పొడిగించారు. కొత్త పద్ధతిలో మూడు మెట్లు. పైన నౌకాదళ రాడార్ల వంటి పాతకాపులు. వాళ్ల కింద వేలంలో కొనుక్కున్నవాళ్లు. 2020లో కౌంటీల వారీగా 70 మెగాహెర్ట్జ్ వేలం వేస్తే దాదాపు 458 కోట్ల డాలర్లు వచ్చాయి. అన్నిటికన్నా కింద ఉచిత మెట్టు, మిగిలింది ఎవరైనా వాడుకోవచ్చు. మన చిన్న కంపెనీలు చాలావరకు ఈ మెట్టు మీదే ఉన్నాయి.

నీరటికాడు అన్నది కంప్యూటర్ వ్యవస్థ, ఎస్‌ఏఎస్ అంటారు. గూగుల్, ఫెడరేటెడ్ వైర్‌లెస్ లాంటి కంపెనీలు ఎఫ్‌సీసీ అనుమతితో దాన్ని నడుపుతాయి. టవర్ మీది రేడియో తన చోటు, ఎత్తు, దిశ చెప్పి అనుమతి అడగాలి. బయట బిగించే పెద్ద రేడియో వివరాలు సర్టిఫికెట్ ఉన్న ఇన్‌స్టాలరే నమోదు చెయ్యాలి. పాత పట్టికలా రాసి మరిచిపోవడానికి వీల్లేదు. రేడియో ఎప్పటికప్పుడు ఎస్‌ఏఎస్‌ని పలకరిస్తూ ఉండాలి. అనుమతి గడువు తీరిందంటే 60 సెకన్లలో నోరు మూసుకోవాలి. తీరం వెంబడి సెన్సర్లకు నౌకాదళ రాడార్ చప్పుడు వినిపిస్తే కింది మెట్లవాళ్లని ఎస్‌ఏఎస్ వేరే ఛానల్‌కి జరుపుతుంది. పాత వైమాక్స్ పెట్టెలకి ఈ భాష రాదు, చాలామంది రేడియోలు మార్చుకోవాల్సి వచ్చింది.

ఇంత హంగూ చూశాక పొరుగు తగాదాకి కూడా ఎస్‌ఏఎస్ తీర్పు చెబుతుందనుకుంటాం. అది కాపలా కాసేది పై రెండు మెట్లకే. కింది మెట్టు మీద ఉన్న ఇద్దరిలో ఒకరినుంచి ఇంకొకరికి రక్షణ ఉంటుందని ఆశించొద్దని నియమాల్లోనే రాశారు. ఆ తర్వాత, బయట పెద్ద రేడియోలు పెట్టుకునేవాళ్లు ఫ్రీక్వెన్సీల ఎంపికలో, వాడకంలో పరస్పరం సహకరించుకోవాలన్నారు. 2007 నాటి 3650 నియమాల్లో ఉన్న మాటే, పదాలు కూడా దాదాపు అవే.

కాబట్టి తూర్పు, పడమటి కంపెనీలు రెండూ రేడియోలు మార్చుకుని, ఫీజులు కట్టి, ఎస్‌ఏఎస్‌కి నమోదు చేసుకున్నాక కూడా అది ఇద్దరికీ ఒకే ఛానల్ మంజూరు చెయ్యొచ్చు. తప్పేమీ లేదు, ఇద్దరికీ సమానమే కదా. 75, 60 తేడా అలాగే ఉంటుంది, ఆ ముప్పావు మిల్లీసెకనూ అలాగే ఉంటుంది. పడమటి టవర్ ఇంజనీరు తూర్పు కంపెనీ నంబర్ పట్టుకుని, ఫోన్ ఎత్తగానే అడిగే మొదటి ప్రశ్న కూడా పాతదే: “మీరు అప్‌లింక్ ఎంత పెట్టారు?”